పరిశోధకునికి కంప్యూటరు ఏది? డేటాకు గాదె ఏది?

ఉప్పల్ నుండి వరంగల్లు పోవు రహదారిపై ఘట్‌కేసరు చేరకముందే పోచారము వచ్చును. ఆ ఊరి నేలపై ఇప్పుడు ఇన్ఫోసిస్ వారి విశాలమైన ఆవరణము, మరికొన్ని కంప్యూటరు సంస్థల భవనములు నిలచియున్నవి. అటనుండి నగరము వైపు మరలి ఉప్పల్ దాటినచో, హబ్సిగూడ దగ్గర 1961లో నెలకొల్పిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, దాని సమీపముననే 1977లో ప్రారంభమైన సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రము, అనగా సి.సి.యం.బి.యు కనబడును. నాచారమునకు ఆవల కుషాయిగూడ ప్రాంతమున 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కర్మాగారము కలదు. అందరు దానిని ఇ.సి.ఐ.యల్. అందురు. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అను కంప్యూటరును 1969లో తయారుచేసి దేశమునకు అందించినది ఈ కర్మాగారమే.

ఇన్ని యంత్రముల నడుమ పెరిగిన ప్రాంతమే ఐనను, విశ్వవిద్యాలయములో పరిశోధన చేయువానికి ఎటువంటి కంప్యూటరు కావలెను, వాని లెక్కలను ఎక్కడ దాచవలెను అని అడిగినచో సూటిగా జవాబు చెప్పువారు తక్కువ. "అన్నిటికంటె పెద్దది కొనుడు" అనువారే ఎక్కువ. ఎడ్లు కొనబోవు రైతుకు సంతలో దళారి చెప్పు మాట వంటిదే ఇది.

ఈ ప్రశ్నతో రైతుకేమి పని అని పాఠకులు అడుగవచ్చును. బాపట్ల పరిశోధన స్థానమునుండి 1986లో వెలువడిన సాంబ మసూరిని, అనగా బి.పి.టి. 5204ను, ఎరుగని వరి రైతు మన రెండు రాష్ట్రములలోను ఉండడు. అన్నము బాగుండును, ధర పలుకును. కాని బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చినచో అది తట్టుకొనలేదు. హబ్సిగూడలోని సి.సి.యం.బి. వారును, రాజేంద్రనగరులోని వరి పరిశోధన డైరెక్టరేటు వారును కలిసి, ఆ తెగులును నిలువరించు మూడు జన్యువులను సాంబ మసూరిలోనికి తెచ్చిరి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అను పేరుతో ఆ వంగడము 2008లో విడుదలయ్యెను. ఇటువంటి పనిలో తరము తరువాత తరముగా వేలకొలది మొక్కలను పరీక్షించి, ఏ మొక్కలో ఏ జన్యువు ఉన్నది, ఏ మడిలో ఎంత తెగులు సోకినది, గింజ ఎట్లున్నది అని వ్రాసి పెట్టుకొనవలసియుండును. ఆ వ్రాత నడుమలో పోయినచో మొక్కలు చేలో పచ్చగా నిలచియున్నను పని మొదటికి వచ్చును. రైతుకు చేరవలసిన విత్తనము ఆ మేరకు ఆలస్యమగును.

కంప్యూటరు చెడిపోయిన యెడల మరియొకటి కొనవచ్చును, లేదా కిరాయికి తెచ్చుకొనవచ్చును. గడచిన ఖరీఫులో ఒక మడిలో కొలచిన కొలత పోయిన యెడల ఆ ఖరీఫు మరల రాదు. కనుక పరిశోధకుడు ముందుగా గాదె సంగతి చూచుకొని, పిమ్మట నాగలి సంగతి ఆలోచింపవలెను. ఆచరణలో చాలచోట్ల దీనికి తలక్రిందులుగా జరుగుచున్నది. నిధులు మంజూరు కాగానే యంత్రమునకు ఆర్డరు పోవును. డేటా మాత్రము ఒక విద్యార్థి సంచిలోని పెన్‌డ్రైవులో తిరుగుచుండును. పెన్‌డ్రైవు జేబు వంటిది. జేబును గాదె అనుకొనరాదు.

ఎంత పంటకు ఎంత గాదె?

పొలములోను, ప్రయోగశాలలోను సేకరించిన కొలతలు, చిత్రములు, వ్రాతలు అన్నిటిని కలిపి డేటా అందురు. దానిని కొలుచు సోల బైటు. ఒక ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. మన తెలుగు అక్షరమునకు సాధారణముగా మూడైనను పట్టును. పది లక్షల బైట్లు ఒక మెగాబైటు, వంద కోట్ల బైట్లు ఒక గిగాబైటు, లక్ష కోట్ల బైట్లు ఒక టెరాబైటు. సోల, మానిక, కుంచము, పుట్టి వలెనే ఇవియు కొలతలే గాన పేర్లు చూచి జంకనక్కరలేదు.

ముగ్గురు పరిశోధకులను తీసికొందము. మొదటివాడు 200 వరి రకములను ఒక్కొక్కదానిని మూడేసి మడులలో నాటి, పిలకలు, కంకి పొడవు, గింజ బరువు మొదలగు పది గుణములను కొలచుచున్నాడు. మొత్తము 6,000 సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్యకు పది బైట్లు వేసికొన్నను అరువది వేల బైట్లు మాత్రమే. చేతి ఫోనుతో తీసిన రెండు మెగాబైట్ల ఫోటోలో ఇది ముప్పదవ వంతు కూడ కాదు. ఇతనికి పెద్ద యంత్రముతో పని లేదు; ఏ పాత ల్యాప్‌టాప్ అయినను చాలును. కాని ఆరు నెలల కాలము, కూలి, ఎరువు, నీరు అన్నియు ఆ ఆరు వేల సంఖ్యలలో ఇమిడియున్నవి. పరిమాణములో అణువంత, విలువలో పుట్టెడు. ఇంత చిన్న డేటాయే ఎక్కువగా పోవుట విచిత్రము. చిన్నది గనుక ఎవరును దానికొక చోటు కేటాయించరు.

రెండవవాడు డ్రోను ఎగురవేసి పైరు ఫోటోలు తీయుచున్నాడు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు ఒక చుక్కగా పడునట్లు తీసినచో నాలుగు కోట్లకు పైగా చుక్కలు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగులు వేసికొన్న ఎకరమునకు సుమారు 120 మెగాబైట్లు. నూరెకరములను పంటకాలములో పదిసార్లు తీసినచో 120 గిగాబైట్లు. ఇది అతికి సిద్ధపరచిన పటము మాత్రమే. అతుకుటకై ఒకదానిపై ఒకటి పడునట్లు తీసిన అసలు ఫోటోలు దీనికి ఎన్నో రెట్లుండును. ఇతనికి విశాలమైన గాదె కావలెను, చిత్రములను అతుకుటకు ఒక మోస్తరు బలమైన యంత్రము కావలెను.

మూడవవాడు వరి జన్యుక్రమమును చదువుచున్నాడు. వరి జన్యురాశిలో సుమారు 39 కోట్ల అక్షరములు కలవు. మన దేశము కూడ పాల్గొన్న అంతర్జాతీయ కృషి ఫలితముగా 2005లో ఆ క్రమము ప్రకటితమైనది. యంత్రము దీనిని ఒక్కసారి చదివినచో తప్పులు దొర్లును గాన, ముప్పదిసార్లు చదువునట్లు చూచుట వాడుక. ప్రతి అక్షరమునకు పక్కన అది ఎంత నమ్మదగినదో తెలుపు గుర్తు ఒకటి చేర్చుదురు. ఆ లెక్కన ఒక్క రకమునకు 23 గిగాబైట్లు, 300 రకములకు సుమారు 7 టెరాబైట్లు. కుదించి దాచినచో కొంత తగ్గును. 89 దేశముల నుండి వచ్చిన మూడు వేల వరి రకముల క్రమములను ఫిలిప్పీన్స్, చైనా శాస్త్రజ్ఞులు 2014లో బహిరంగపరచినప్పుడు ఆ డేటా పది టెరాబైట్లను మించినది.

ఈ ముగ్గురికిని ఒకే రకము కంప్యూటరు కొనిపెట్టిన విశ్వవిద్యాలయము మెట్టకు, మాగాణికి ఒకే నాగలి ఇచ్చినట్లగును.

పరిమాణము తెలిసిన తరువాత దానిని కదలించుట గూర్చి ఆలోచింపవలెను. దీనిని చాలమంది మరతురు. పది టెరాబైట్లను సెకనుకు పది కోట్ల బిట్లు సాగు మామూలు ఇంటర్నెట్టు తీగపై పంపినచో తొమ్మిది రోజులకు పైగా పట్టును. అదియు తీగ మొత్తము ఇతనికే వదలిన పక్షమున. దానికి పదిరెట్ల వేగముగల తీగ ఉన్నచో ఒక పగలు, ఒక రాత్రి. అదే డేటాను ఒక డిస్కులో నింపుకొని ఉప్పల్‌లో బస్సెక్కినచో రాజేంద్రనగరుకు ఆ పూటకే చేరును. 2010లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ విశ్వవిద్యాలయములను, పరిశోధన సంస్థలను వేగముగల తీగలతో కలుపుటకై ఏర్పడినది. ఆ కాలువ తమ ఆవరణకు వచ్చినదా, వచ్చినచో తమ ప్రయోగశాల గుమ్మము వరకు పిల్ల కాలువ ఉన్నదా అని విచారించుకొనిన పిమ్మటనే దూరపు యంత్రముపై ఆశ పెట్టుకొనవలెను. పెద్ద కాలువ ఊరి పొలిమేరలో ఉండి చేనికి నీరెక్కని సంగతి రైతులకు కొత్త కాదు.

కళ్ళము, గాదె, పాతర

కంప్యూటరులో డేటా ఉండు చోట్లు మూడు విధములు. పని జరుగునప్పుడు డేటాను పరచుకొను చోటు మెమరీ, అది కళ్ళము. చాల వేగము, కాని ఖరీదెక్కువ, విద్యుత్తు పోయినచో అక్కడ ఏమియు మిగులదు. రోజువారీ తీసి పెట్టుకొను చోటు డిస్కు, అది గాదె. ఏండ్ల తరబడి కదలింపక దాచు చోటు అయస్కాంత టేపు, అది పాతర. టేపు పాత కాలపు వస్తువని కొందరు నవ్వుదురు. ఇప్పటి ఎల్.టి.ఒ.-9 రకపు టేపు ఒక్కటి 18 టెరాబైట్లు పట్టును. దానిని అరలో పెట్టినచో కరెంటు అక్కరలేదు, తీగ తగిలింపదు గాన దూరమునుండి దొంగ చేయి చాపలేడు. తీసి చదువుట మాత్రము ఆలస్యము. పాతర త్రవ్వి తీసిన జొన్నలవలెనే.

యంత్రము కొనునప్పుడు కళ్ళము కొలతయే చాలచోట్ల తప్పిపోవుచుండును. జన్యుక్రమమును చదువు యంత్రము దానిని ఒక్క పొడవున చదువదు. ముక్కలు ముక్కలుగా చదివి ఇచ్చును. ఆ ముక్కలను మరల అతుకుట నూకలను ఏరి ఏరి ఏ నూక ఏ బియ్యపు గింజదో కనిపెట్టి కూర్చుట వంటిది. ఆ పనికి నూకలన్నియు ఒకేసారి కళ్ళముపై పరచియుండవలెను. కళ్ళము చాలనిచో ఎంతమంది కూలీలున్నను పని సాగదు. వరికి మోస్తరు కళ్ళము సరిపోవును. గోధుమ జన్యురాశి వరికంటె నలుబది రెట్లు పెద్దది. దానికి వందల గిగాబైట్ల మెమరీ గల యంత్రము కావలెను. ప్రాసెసరు వేగము చూచి మోసపోయి మెమరీ తక్కువగా కొన్నవారు ఆ యంత్రమును తరువాత ఉత్తరములు టైపు చేయుటకు వాడుకొనవలసివచ్చును.

ఎన్ని కాడ్లు కట్టవలెను?

ఇరువదిమంది కూలీలు ఒక ఎకరము నాటును ఒక దినములో ముగింపగలరు. అంతమాత్రమున రెండు వందల మంది వచ్చినచో గంటలో ముగియునని ఎవరును అనుకొనరు. చేనికి నీరు పెట్టుట మరియు వేరు. ఎంతమంది గట్టుపై నిలచినను మోటారు తోడునంతయే నీరు వచ్చును. లెక్కల పనులును ఇట్టివే. మూడవ పరిశోధకుని 300 రకములలో ఒకదాని లెక్కకు మరియొకదానితో సంబంధము లేదు. ముప్పది ప్రాసెసర్లకు పంచినచో ముప్పదవ వంతు కాలములో ముగియును. చవుక యంత్రములు పది ఉన్నను చాలును. వాతావరణ సూచన అట్లు కాదు. దేశమును గళ్ళుగా విభజించి ఒక్కొక్క గడిలోని గాలి, తేమ, వేడి లెక్కింతురు. ఒక గడిలోని గాలి పక్క గడికి పోవును గాన, లెక్కించు యంత్రములు క్షణక్షణమును ఒకదానితో నొకటి మాటలాడుకొనవలెను. దీనికి యంత్రములను కలుపు తీగలు కూడ అసాధారణ వేగము కలవై యుండవలెను. అందుచేతనే అది మహా యంత్రముల పని.

ఇక జి.పి.యు. అను పేరు ఈ మధ్య అందరి నోటను వినబడుచున్నది. మామూలు ప్రాసెసరు నలుగురైదుగురు ఆరితేరిన పనివాండ్ర వంటిది. ఏ పని చెప్పినను చేయుదురు. జి.పి.యు. వేలమంది నాటు కూలీల బారు వంటిది. అందరును ఒకే పనిని ఒకేసారి చేయుదురు. ఆకు ఫోటో చూచి తెగులు గుర్తించుట యంత్రమునకు నేర్పు పనికి ఇది తగినది. దిగుబడుల సగటు కట్టుటకు జి.పి.యు. కొనుట ఆ బారును పిలిచి ఒక్క నిమ్మమొక్క నాటించుట వంటిది.

సొంతమా, ఉమ్మడియా, కిరాయా?

ట్రాక్టరు కొందుమా, కిరాయికి పిలుతుమా అని రైతు ఏటేట వేసికొను లెక్కయే ఇక్కడను వేయవలెను. ఏడాది పొడవున దినదినము పని ఉన్నచో సొంతము మేలు. ఏడాదిలో రెండు నెలలు మాత్రమే పని ఉన్నచో కిరాయి మేలు. సొంతమునకు కొనుగోలు ధర ఒక్కటియే ఖర్చు కాదు. అర కిలోవాటు తీసికొను ఒక సర్వరు రాత్రింబవళ్ళు నడచినచో ఏడాదికి 4,380 యూనిట్లు కాల్చును. 5 హార్స్‌పవరు మోటారు సుమారు 1,170 గంటలు నడచినచో అగు ఖర్చు ఇది. దానిని చల్లబరచు ఏ.సి., కరెంటు పోయినప్పుడు నిలబెట్టు బ్యాటరీలు, చూచుకొను మనిషి జీతము దీనికి అదనము. ఇంతచేసి నాలుగైదు ఏండ్లలో డిస్కులు మార్చవలెను. మన విశ్వవిద్యాలయములలో శాఖకొక గదిలో ఒక యంత్రము, దానికొక ఏ.సి., చూచుకొనిన విద్యార్థి పట్టా తీసికొని వెళ్ళిన పిమ్మట దుమ్ము పట్టుట అపురూప దృశ్యము కాదు.

ఉమ్మడి యంత్రము వేరు సంగతి. ఒకప్పుడు ఈ సౌకర్యమే మనకు లేకుండెను. వ్యవసాయమునకు ఉపయోగపడు మధ్యకాలిక వాతావరణ సూచనకై 1980లలో అమెరికానుండి క్రే యంత్రమును తెప్పించిరి. మనము అడిగిన పెద్ద యంత్రమును వారు ఇయ్యలేదు, చిన్నదానినే ఇచ్చిరి. ఆ అనుభవము తరువాత 1988లో పూనాలో సి-డాక్ సంస్థ ఏర్పడి, 1991లో పరమ్ 8000 అను మహా యంత్రమును తయారుచేసినది. 2015లో కేంద్రము 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ పథకమును ఆమోదించెను. ఆ పథకము క్రింద సంగారెడ్డి జిల్లా కంది వద్ద గల హైదరాబాదు ఐ.ఐ.టి.లో పరమ్ సేవ అను యంత్రము నెలకొన్నది. దాని శక్తి 838 టెరాఫ్లాపులు, అనగా సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. వ్యవసాయ పరిశోధకులకై ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో 2014లో అశోక అను యంత్రమును ప్రారంభించిరి. 2024 సెప్టెంబరులో వాతావరణ సూచనకై పూనాలో అర్క, నోయిడాలో అరుణిక అను యంత్రములు ప్రారంభమైనవి. గ్రామములోని రైతుకు ఫోనుపై వచ్చు వానకబురు వెనుక ఇట్టి యంత్రముల లెక్కయే ఉన్నది.

ఉమ్మడి యంత్రములో పని చేయించుకొనుట చెరువు క్రింది సాగు వంటిది. తూము దగ్గర నీరటి ఉండును. ఎవరికెన్ని ఎకరములు, ఎవరి వంతు ఎప్పుడు, పైమడి తడిసినదా అని చూచి నీరు వదలును. మహా యంత్రములోను ఒక నీరటి ఉండును; అది మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. పరిశోధకుడు తన పనికి ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావలెనో వ్రాసి వరుసలో పెట్టవలెను. ఎక్కువ అడిగినవాడు ఎక్కువసేపు వేచియుండును. అడిగినదానికంటె పని పొడవైనచో నడుమలోనే ఆపివేయును. కావున ముందుగా చిన్న నమూనాపై పని నడిపి, కాలము కొలచి, దానికి కొంత కలిపి అడుగుట తెలివి. ఇంకొక జాగ్రత్త: ఇట్టి యంత్రములలో పనిచేయుటకు ఇచ్చు డిస్కు తాత్కాలికము. కొన్ని వారములు ముట్టని ఫైళ్ళను తుడిచివేయు నియమము చాలచోట్ల కలదు. ఊరందరి కళ్ళములో మన బస్తాలను ఏడాదిపాటు ఉంచుకొనుటకు ఎవరు ఒప్పుకొందురు?

మూడవది కిరాయి. దీనిని క్లౌడ్ అందురు. పేరు మేఘమైనను అది నేలపైనున్న భవనములే. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు పేరిట ఇట్టి కేంద్ర సముదాయమును ప్రారంభించినది. గంటల లెక్కన యంత్రమును, నెలల లెక్కన గాదెను అద్దెకిత్తురు. రెండు వారముల అవసరమునకు ఇంతకంటె సుఖమైన మార్గము లేదు. కాని ఒప్పందము చదువవలెను. డేటాను లోపలికి పంపుటకు సాధారణముగా రుసుము ఉండదు. వెలుపలికి తీసికొనుటకు గిగాబైటునకింత అని ఉండును. చవుకగా ఇచ్చు పాతర వంటి అరలో పెట్టినచో తీయుటకు గంటల కాలమును, వేరే రుసుమును పట్టవచ్చును. వీటన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. ప్రాజెక్టు మూడేండ్లకు ముగియును. నాలుగవ ఏట అద్దె ఎవరు చెల్లింతురు? దీనికి జవాబు వ్రాతపూర్వకముగా లేనిచో డేటాను అచ్చట దాచవద్దు. లెక్క చేయించుకొని ఫలితమును ఇంటికి తెచ్చుకొనుడు.

నా సలహా అడిగినచో ఇట్లు చెప్పుదును. రోజువారీ పనికి సొంత ల్యాప్‌టాప్ ఉండవలెను. బరువు లెక్కకు ముందు ఉమ్మడి యంత్రమును అడిగి చూడవలెను. అచ్చట వరుస మరీ పొడవైనచో, లేదా పని బహు స్వల్పకాలికమైనచో కిరాయికి పోవలెను. గాదెను మాత్రము ఎవనికి వాడు కట్టుకొనక, విశ్వవిద్యాలయమే కట్టి నడుపవలెను. విద్యార్థులు వచ్చి పోవుదురు. ఆచార్యులు పదవీ విరమణ చేయుదురు. సంస్థ నిలచియుండును.

రెండవ గాదె వేరే ఊరిలో

జపాను దేశపు క్యోటో విశ్వవిద్యాలయములో 2021 డిసెంబరులో ప్రతులు తీయు ప్రోగ్రాములోని లోపము వలన మహా యంత్రపు గాదెలోనుండి 77 టెరాబైట్ల పరిశోధన డేటా, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. 14 పరిశోధక బృందములు నష్టపడినవి. అందు కొందరిది తిరిగి రాలేదు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరులో ప్రభుత్వ డేటా కేంద్రమున నిప్పంటుకొని, ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకొనిన 858 టెరాబైట్ల ఉమ్మడి గాదె బూడిదయ్యెను. దానికి వేరొకచోట ప్రతి లేదు. మన దేశములో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దాడి జరిగి, సుమారు రెండు వారములు రోగుల చీటీలు చేతితో వ్రాయవలసివచ్చినది. ధనవంతమైన దేశములు, పెద్ద సంస్థలు కూడ ఈ విషయమున ఏమరుపాటు పడుచున్నవి.

దీనికి అనుభవజ్ఞులు చెప్పు లెక్క 3, 2, 1. డేటాకు మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు వేర్వేరు రకముల సాధనములపై ఉండవలెను. అందొకటి వేరే ఊరిలో ఉండవలెను. ఇందు రెండు పొరపాట్లు సామాన్యము. సర్వరులో రెండు డిస్కులు జోడించి ఒకటి చెడినను రెండవది నిలుచునట్లు చేయుదురు, మంచిదే. కాని అది ఒకే గాదెలోని రెండు అరలు. ఇల్లంటుకొన్నచో రెండును కాలును. రెండవ పొరపాటు, ఫోనులోను కంప్యూటరులోను ఒకేవిధముగా ఉండునట్లు తనంత తాను సరిచేసికొను సౌకర్యమును ప్రతి అని భ్రమించుట. అది అద్దము వంటిది. ఇక్కడ తుడిచినది అక్కడను తుడిచిపోవును.

వేరే ఊరి గాదెకు మంచి ఉదాహరణ మన హైదరాబాదులోనే కలదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి ప్రధాన డేటా కేంద్రము ఢిల్లీలో పైన చెప్పిన గణాంక సంస్థలో ఉన్నది. దానికి రెండవ గాదెగా రాజేంద్రనగరులోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ, అనగా నార్మ్ ఆవరణలో, కృషి మేఘ్ అను కేంద్రమును 2020 ఆగస్టులో ప్రారంభించిరి. హైదరాబాదునే ఎన్నుకొనుటకు చెప్పిన కారణములు గమనింపదగినవి. భూకంప ప్రమాదమును బట్టి దేశమును విభజించిన మండలములలో ఢిల్లీ ఒకదానిలో, హైదరాబాదు వేరొకదానిలో ఉన్నవి. ఒకే కుదుపుకు రెండును పడవు. ఇచ్చట గాలిలో తేమ తక్కువ; యంత్రములను చూచుకొను నిపుణులు దొరకుదురు. విత్తనమునకు నిలువ చోటు చూచువాడు తేమను, ఎలుకను, వరదను లెక్కించునట్లే ఇది.

ప్రతులు తీసి పెట్టినంతమాత్రమున పని కాలేదు. విత్తనమును చల్లుటకు ముందు నూరు గింజలు తీసి మొలక కట్టి చూచుట రైతుకు తెలిసిన పద్ధతి. డేటాకును మొలక పరీక్ష కావలెను. ఆరు నెలలకొకసారి రెండవ గాదెనుండి కొన్ని ఫైళ్ళను తీసి, వేరే కంప్యూటరుపై తెరచి, అసలుతో సరిచూడవలెను. తెరచుకొనని ప్రతి పుచ్చు విత్తనము.

తెరచుకొనినను అర్థము కానివి కొన్ని ఉండును. ఒక పట్టికలో "దిగుబడి 28" అని ఉన్నది. ఎకరమునకు 28 బస్తాలు కాబోలు. బస్తా ఎన్ని కిలోలు? ఒక మండలములో ఒక తూకము, వేరొకచోట మరియొకటి. "5-6-2024" అని తేదీ వ్రాసినచో మన లెక్కన జూన్ 5, అమెరికావారి లెక్కన మే 6. నాట్ల తేదీలో నెల తేడా వచ్చినచో ప్రయోగమే మారిపోవును. కనుక డేటా పక్కనే ఒక సాదా పత్రము ఉండవలెను. ఏ రకము, ఏ ఊరు, ఎవరు కొలచిరి, ఏ కొలమానము, ఖాళీ గడి అనగా సున్నయా లేక కొలవలేదా అను సంగతులు అందు వ్రాయవలెను. ఇందులకు డబ్బు ఖర్చు కాదు, పెద్ద యంత్రము అక్కరలేదు. కాబట్టే కాబోలు, ఎవరును చేయరు.

పరిశోధకుడు మీ చేనికి వచ్చినప్పుడు

ఈ డేటాలో ఎక్కువ భాగము పుట్టునది పొలములోనే. పంటకోత ప్రయోగమునకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలచి తాడు కట్టుట గ్రామాధికారులకు పరిచితమే. విశ్వవిద్యాలయము వారు వచ్చి మట్టి తీసికొనిపోవుదురు, బావి లోతు అడుగుదురు, రైతు పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు వ్రాసికొందురు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమును చేసినది. వ్యక్తిని గుర్తింపజేయు వివరములు ఎందుకు తీసికొనుచున్నారో అడుగుట రైతుకు తగిన పనియే. మంచి పరిశోధకుడు పేరు, ఫోను నంబరు ఒక ఫైలులో తాళము వేసి ఉంచి, కొలతలున్న ఫైలులో రైతును ఒక సంఖ్యతో మాత్రమే గుర్తించును. ఆధార్ నంబరుతో పైరు ఎత్తుకు సంబంధమేమియు లేదు గాన అడిగినచో కారణము చెప్పమనుడు.

అట్లని తలుపు మూయవలదు. మన నేలలోని కొలత చేరనిచో ఎక్కడి నేలకో సరిపడు సలహా మనకు వచ్చును. కొలత ఇచ్చుచు రెండు సంగతులు అడుగుడు: ఈ వ్రాత ఎక్కడ దాచెదరు, రెండవ ప్రతి ఏ ఊరిలో ఉండును? తడుముకొనువానికి ఈ వ్యాసమును చూపవచ్చును. పిమ్మట మీ చేని కొలతలు ఒక కాగితముపై వ్రాయించుకొని, ఒక ప్రతి మీ వద్దను, ఒక ప్రతి వ్యవసాయ విస్తరణాధికారి వద్దను ఉంచుడు. తేదీలో నెలను అక్షరములలోను, బస్తా తూకమును కిలోలలోను వ్రాయించుకొనుడు.